ఇంటి గుట్టు... మన హక్కు

'ఇంటి గుట్టు లంకకు చేటు' అని వింటూ పెరిగినవాళ్ళం మనం. అలాంటిది 2016లో రాష్ట్రమంతా ప్రజాసాధికార సర్వే జరిగినప్పుడు, గన్నవరంలో మా వాకిట్లోకి ట్యాబ్ పట్టుకుని వచ్చిన అమ్మాయికి అరగంటలో అంతా అప్పజెప్పేశాను. ఆధార్, ఫోను నంబర్లు, ఎవరేం చదివారు, పొలం ఉందా, బండి ఉందా... చివరికి వేలిముద్ర కూడా! ఉక్కపోతలో వచ్చిందని మజ్జిగిచ్చాను గానీ, 'ఇవన్నీ ఎందుకమ్మా?' అని మాత్రం అడగలేదు.

పగటిపూట తలుపు తీసేది చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళమే. ఇంటిల్లిపాది వివరాలూ చెప్పేది మనమే. పింఛను, రేషను సక్రమంగా అందాలంటే ప్రభుత్వానికి లెక్కలు కావాలి, నిజమే. కానీ అన్నీ ఒకచోట చేరితే ఎవరి బతుకునైనా కూర్చున్నచోటు నుంచే చూడొచ్చు కదా!

"తప్పు చేయనివాళ్ళకి భయమెందుకు?" అంటారు మావారు. భయం కాదండీ, హక్కు! ఆధార్‌పై విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, అవసరానికి మించకూడదు.

పెద్దలు మనకు నేర్పిన గుట్టు పరువు కోసం, నోరు మూసుకోమంటుంది. ఈ గోప్యత వేరు. ఏది ఎవరికి చెప్పాలో మనమే నిర్ణయించుకోమంటుంది.

ఈసారి ఎవరొచ్చినా మజ్జిగ తప్పకుండా ఇస్తాను. 'ఏ చట్టం కింద, దేనికోసం?' అని కూడా అడుగుతాను. మీరూ అడుగుతారు కదూ!