ఫస్ట్ జాబ్‌కి ముందు మా చెల్లి అడిగిన ప్రశ్న

నాకు ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్‌లోనే జాబ్ వచ్చేసింది. కంపెనీ వాళ్లే మా కాలేజీకి వచ్చారు. ఒక టెస్ట్ పెట్టారు, రెండు ఇంటర్వ్యూలు చేశారు. సాయంత్రానికి నోటీస్ బోర్డు మీద నా పేరుంది. జాయినయ్యాక మూడు నెలలు జీతమిచ్చి మరీ ట్రైనింగ్ ఇచ్చారు. తర్వాత రెండు నెలలు ప్రాజెక్టే లేదు. బెంచ్ మీద కూర్చుని క్యాంటీన్‌లో టీలు తాగాను. నెలాఖరుకి జీతం మాత్రం ఠంచనుగా పడింది.

అందుకే మా చెల్లి బీఎస్సీ నర్సింగ్ పాసైందని తెలిసినప్పుడు నాకు ఏ టెన్షనూ లేదు. నాలుగేళ్ల కోర్సు. ప్రసవాల వార్డు నుంచి ఐసీయూ దాకా అన్నిచోట్లా క్లినికల్ పోస్టింగ్స్ చేసింది. చివర్లో ఇంటర్న్‌షిప్ కూడా కోర్సులో భాగమే. పైగా హైదరాబాద్‌లో హాస్పిటల్ లేని రోడ్డుందా? ‘వారం పది రోజుల్లో జాయినైపోతుంది’ అని అమ్మతో ధైర్యంగా చెప్పేశాను.

ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో తనకి నేనిచ్చిన సలహాల్లో సగానికి పైగా తప్పులే.

నేను రాసిన రెజ్యూమ్

మొదటి తప్పు రెజ్యూమ్. మా సాఫ్ట్‌వేర్ స్టైల్లో రెండు పేజీలు దట్టించాను. కెరీర్ ఆబ్జెక్టివ్, టీమ్ ప్లేయర్, క్విక్ లెర్నర్, హాబీస్... అన్నీ ఉన్నాయి. చెల్లి చదివి నవ్వింది. ‘‘అన్నయ్యా, నేను క్విక్ లెర్నరో కాదో వాళ్లకెందుకు? కాన్యులా పెట్టడం వచ్చా రాదా అని చూస్తారు’’ అంది.

తనే మళ్లీ రాసుకుంది. ఒకే పేజీ. పైన నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్. కింద ఏ వార్డులో ఎన్ని వారాలు పనిచేసింది, ఏ పనులు తనంతట తను చేయగలదు, ఏవి సీనియర్ పక్కనుండగా మాత్రమే చేసింది. అంతే.

రిజిస్ట్రేషన్ అంటే ఏంటో నాకూ అప్పుడే తెలిసింది. డిగ్రీ పాసైతే సరిపోదు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే లెక్క ప్రకారం నర్సు. వేరే రాష్ట్రంలో పనిచేయాలంటే అక్కడి కౌన్సిల్‌లోనూ నమోదు చేయించుకోవాలి. కాలేజీ నుంచి సర్టిఫికెట్లు తెచ్చుకుని, అప్లై చేసి, నంబర్ చేతికొచ్చేసరికి చెల్లికి చాలా వారాలే పోయాయి. ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, ఏయే పేపర్లు కావాలో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.

‘ఎక్స్‌పీరియన్స్ ఉందా?’

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్లో దిగింది. రోజూ ఫైలు పట్టుకుని మెట్రో ఎక్కేది. లక్డీకాపూల్, సోమాజిగూడ, బంజారాహిల్స్, ఎల్బీనగర్... ఎక్కడ బోర్డు కనిపిస్తే అక్కడ దిగేది. కొన్నిచోట్ల హెచ్ఆర్ దాకా కూడా వెళ్లనివ్వలేదు. సెక్యూరిటీ ఆయనే రెజ్యూమ్ తీసుకుని ‘‘చూసి ఫోన్ చేస్తారమ్మా’’ అని డ్రాయర్లో పెట్టేవాడు.

లోపలికి వెళ్లిన చోటల్లా ఒకటే ప్రశ్న... ‘‘ఎక్స్‌పీరియన్స్ ఉందా?’’

‘‘ఫ్రెషర్ మేడమ్.’’

‘‘కనీసం ఒక ఏడాది ఉండాలమ్మా. ఐసీయూకైతే రెండేళ్లు.’’

జాబ్ ఇస్తేనే కదా ఎక్స్‌పీరియన్స్ వచ్చేది! ఆ మాట అడగడానికి నోటిదాకా వచ్చేదట. మింగేసి బయటికొచ్చేది. రాత్రి ఫోన్ చేసి ‘‘ఇవాళ నాలుగు తిరిగాను’’ అని మాత్రం చెప్పేది. నేనేమో ‘‘లింక్డ్ఇన్‌లో ప్రొఫైల్ అప్‌డేట్ చేశావా?’’ అని అడిగేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండేళ్ల బాండ్

రెండో నెలలో ఒక ఆఫర్ వచ్చింది. మూడంతస్తుల చిన్న హాస్పిటల్, 40 పడకలు. మొదటి మూడు నెలలు ట్రైనీ, నెలకి 6 వేలు. తర్వాత 11 వేలు. రెండేళ్ల బాండ్. మధ్యలో మానేస్తే 50 వేలు కట్టాలి. టెన్త్ మెమో నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్స్ అన్నీ వాళ్ల దగ్గరే పెట్టాలి.

నాకు ఫోన్ చేసింది. ఆఫీసులో మీటింగ్‌కి మీటింగ్‌కి మధ్య ఖాళీలో ఉన్నాను. ‘‘ఇచ్చేయ్‌రా, అందరూ ఇస్తున్నారు కదా. రెండేళ్లు ఎంతలో అవుతాయి? ఎక్స్‌పీరియన్స్ వస్తుంది’’ అన్నాను. నాన్న కూడా అదే అన్నాడు.

చెల్లి హెచ్ఆర్ వాళ్లని అరగంట టైమ్ అడిగింది. లిఫ్ట్ ఎక్కకుండా మెట్ల మీదుగా దిగుతూ రెండో అంతస్తులో ఆగింది. అక్కడ తన వయసే ఉన్న ఒక సిస్టర్ మందుల ట్రే సర్దుకుంటోంది.

‘‘అక్కా, నైట్ డ్యూటీలో ఈ ఫ్లోర్‌కి ఎంతమంది ఉంటారు?’’

‘‘నేనొక్కదాన్నే. పైఫ్లోర్‌లో బెల్ కొట్టినా నేనే వెళ్లాలి.’’

‘‘కొత్తగా చేరినవాళ్లకి ఎవరు నేర్పిస్తారు?’’

ఆ అమ్మాయి నవ్వింది. ‘‘నేర్పించడమా? నేను చేరిన నాలుగో రోజే నైట్ వేశారు.’’

చెల్లి హెచ్ఆర్ దగ్గరికి మళ్లీ వెళ్లలేదు. రోడ్డు మీదికొచ్చి నాకు ఫోన్ చేసింది. ‘‘నేను చేరట్లేదన్నయ్యా.’’

నాకు కోపమొచ్చింది. ‘‘వచ్చినదాన్ని కాలదన్నుకుంటే ఇంకొకటి ఎక్కణ్నుంచి వస్తుంది?’’ అని అరిచాను. తను మాత్రం గొంతు పెంచలేదు.

‘‘నువ్వు కోడ్ తప్పు రాస్తే ఏమవుతుంది?’’

‘‘టెస్టింగ్‌లో దొరుకుతుంది.’’

‘‘దొరక్కపోతే?’’

‘‘లైవ్‌లో ఎర్రర్ వస్తుంది. పాత వెర్షన్‌కి రోల్‌బ్యాక్ చేస్తాం.’’

‘‘పొటాషియం నేను తప్పుగా ఎక్కిస్తే? దాన్ని రోల్‌బ్యాక్ చేయగలనా?’’

పొటాషియం క్లోరైడ్ ఇంజెక్షన్‌ని సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించాలి. నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోవచ్చు. అందుకే పద్ధతి పాటించే హాస్పిటల్స్‌లో దాన్ని మిగతా మందులతో కలపకుండా విడిగా పెడతారు. ఇచ్చేముందు ఇద్దరు నర్సులు చూస్తారు. ఇదంతా చెల్లి చెబుతుంటే నాకు నా మొదటి ఏడాది గుర్తొచ్చింది. సీనియర్ రివ్యూ చేయకుండా నా కోడ్ ఒక్క లైన్ కూడా లైవ్‌లోకి వెళ్లలేదు. ఒక షాపింగ్ యాప్‌లో బటన్ రంగు మార్చినా సరే, ఇద్దరు చూసేవాళ్లు. అలాంటి నేను మా చెల్లిని నాలుగో రోజే రెండు అంతస్తుల పేషెంట్లతో ఒంటరిగా ఉండే పనిలో చేరమన్నాను.

జీతం సంగతి

జీతం గురించి కూడా కొంచెం వెతికాను. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన తీర్పును అనుసరించి, ప్రైవేట్ హాస్పిటల్ నర్సుల జీతాలు, పని పరిస్థితుల మీద కేంద్రం నిపుణుల కమిటీ వేసింది. 200 పడకలు దాటిన హాస్పిటల్‌లో జీతం ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలని ఆ కమిటీ చెప్పింది. 50 పడకల లోపు హాస్పిటల్‌లో అయినా నెలకి 20 వేలకి తగ్గకూడదని కూడా చెప్పింది. అయితే ఇవి సిఫార్సులే. అమలు చేయాల్సింది రాష్ట్రాలు. ఆ కాగితం మీది 20 వేలకీ, మా చెల్లికి చెప్పిన 6 వేలకీ మధ్య ఎంత దూరముందో చూడండి.

ఇంకో మెలిక ఉంది. చెల్లి రూమ్మేట్‌ది జీఎన్ఎం డిప్లొమా. ఎయిమ్స్ హాస్పిటల్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నార్‌సెట్ అనే పరీక్ష ఉంటుంది. బీఎస్సీ వాళ్లు రిజిస్ట్రేషన్ ఉంటే అనుభవం లేకపోయినా రాయొచ్చు. జీఎన్ఎం వాళ్లకి మాత్రం కనీసం 50 పడకల హాస్పిటల్‌లో రెండేళ్ల అనుభవం అడుగుతారు. అంటే ఆ అమ్మాయి ఆ 40 పడకల హాస్పిటల్‌లో బాండ్ రాసిచ్చి రెండేళ్లు చేసినా, ఆ పరీక్షకి అవి లెక్కలోకే రావు. ‘ఎక్కడో ఒకచోట చేరిపో’ అని చెప్పేవాళ్లు ఈ లెక్క చెప్పరు. నేనూ చెప్పలేదు, నాకు తెలియదు కాబట్టి.

42 చుక్కలు

తర్వాత రెండు నెలలు చెల్లి ప్రిపరేషన్ మీద పడింది. బీఎల్ఎస్ కోర్సు చేసింది. గుండె ఆగిన మనిషికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కడం, 30 నొక్కులకి రెండు శ్వాసలు ఇవ్వడం... అన్నీ బొమ్మ మీద చేయించి సర్టిఫికెట్ ఇస్తారు. ఫీజు నేను కట్టాను. ఈ మొత్తం కథలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

ఐదో నెలలో ఒక పెద్ద హాస్పిటల్ వాక్-ఇన్ పెట్టింది. మొదట రాత పరీక్ష. ‘500 ఎంఎల్ సెలైన్ నాలుగు గంటల్లో వెళ్లాలి. సెట్‌లో ఒక ఎంఎల్‌కి 20 చుక్కలు. నిమిషానికి ఎన్ని చుక్కలు?’ 500ని 20తో గుణించి, 240 నిమిషాలతో భాగిస్తే దాదాపు 42. వాడిన సూది ఏ డబ్బాలో, రక్తం అంటిన కాటన్ ఏ కవర్లో అని కూడా అడిగారు. సూది తెల్ల డబ్బాలోకి, కాటన్ పసుపు కవర్లోకి.

తర్వాత నర్సింగ్ సూపరింటెండెంట్ ఇంటర్వ్యూ. ‘‘వెంటిలేటర్ పేషెంట్‌ని చూసుకున్నావా?’’ అని అడిగారావిడ. ‘‘పోస్టింగ్‌లో సిస్టర్ పక్కన ఉండి చూశాను మేడమ్. ఒక్కదాన్నే ఎప్పుడూ చూసుకోలేదు’’ అంది చెల్లి. బయటికొచ్చాక ‘అలా చెప్పావేంటి, పోయింది’ అనుకున్నాను.

‘‘నువ్వేమైనా అడగాలా?’’ అన్నారట చివర్లో. మెట్ల మీద అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగింది. ‘‘కొత్తవాళ్లకి ఎవరు నేర్పిస్తారు మేడమ్?’’

రెండు వారాలు ఓరియెంటేషన్. తర్వాత ఆరు వారాలు ఒక సీనియర్‌తో కలిసి అదే షిఫ్ట్. చెక్‌లిస్ట్‌లో ఉన్న పనులన్నిటికీ ఆ సీనియర్ సంతకం పెట్టాకే పేషెంట్లని ఒంటరిగా అప్పగిస్తారు. జీతం 17 వేలు. ఒరిజినల్స్ చూసి, జిరాక్స్‌లు ఉంచుకుని, అక్కడికక్కడే తిరిగిచ్చేశారు.

ఆ రాత్రి

చేరిన నాలుగో వారం. ఉదయం ఆరున్నరకి ఫోన్. ఎత్తగానే ఏడుపు.

అర్ధరాత్రి ఒక పేషెంట్‌కి 10 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి. మన దగ్గర ఇన్సులిన్ రెండు రకాల బలాల్లో దొరుకుతుంది. ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు ఉండేది, 100 యూనిట్లు ఉండేది. దేని సిరంజి దానిదే. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి ఆరెంజ్ మూత. చెల్లి హడావుడిలో 100 రకం మందుకి ఎర్ర మూత సిరంజి తీసింది. గీత 10 దగ్గరే ఉంది. కానీ లోపల ఉన్నది 25 యూనిట్లు. ఆ పేషెంట్‌కి 60 ఏళ్లు పైనే. సరిగా తినడం కూడా లేదు. ఇచ్చుంటే తెల్లారేసరికి షుగర్ ఎక్కడికి పడిపోయేదో!

పక్కనున్న సీనియర్ సిస్టర్ సిరంజి చూసి చెయ్యి పట్టుకుంది. ‘‘మూత రంగు చూడు’’ అంది. అంతే. తిట్టలేదు. ఆ సిరంజి పారేయించి, కొత్తది తీయించి, తను చూశాకే ఇప్పించింది. డ్యూటీ అయిపోయేముందు జరిగింది రిజిస్టర్‌లో రాయించింది.

‘‘అన్నయ్యా, నాకు తెలుసు ఆ రంగుల సంగతి. పరీక్షలో రాశాను కూడా. అయినా తప్పు తీశాను’’ అని వెక్కుతూనే ఉంది. నేనేం చెప్పాలో తెలియలేదు. ఆ మూడంతస్తుల బిల్డింగ్, రెండో అంతస్తులో ట్రే సర్దుకుంటున్న ఆ అమ్మాయే నా కళ్ల ముందుకొచ్చారు. ఆమె చెయ్యి పట్టుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

చేరేముందు అడగండి

మీరో, మీ ఇంట్లో అక్కో తమ్ముడో నర్సింగ్ పూర్తిచేసి జాబ్ కోసం తిరుగుతుంటే, చెల్లి చెప్పమన్నవి ఇవి. నైట్‌లో ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లో అడగండి. కొత్తవాళ్లతో ఎన్ని వారాలు సీనియర్ ఉంటారో అడగండి. హెచ్ఆర్ చెప్పింది విన్నాక, వార్డులో పనిచేసే ఒక సిస్టర్‌ని కూడా అడగండి. పడకలు ఎన్నో, మానేసేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తారో లేదో కనుక్కోండి. ఒరిజినల్స్ చూపించండి, కానీ వదిలి రాకండి. రానిదాన్ని వచ్చని చెప్పకండి.

అందరికీ ఐదు నెలలు ఆగే వీలుండదని నాకు తెలుసు. చెల్లి హాస్టల్ ఫీజు నా జీతంలోంచి వెళ్లింది కాబట్టి తను ‘చేరను’ అనగలిగింది. రెండో అంతస్తులోని ఆ అమ్మాయికి బహుశా అలా కట్టే అన్నయ్య లేడేమో. అందుకే ఇంట్లోవాళ్లకి నాదో మాట. మీ పిల్ల ఏదైనా హాస్పిటల్‌కి ‘చేరను’ అంటే, నాలాగా అరవకండి. ఎందుకో ముందు అడగండి.

చెల్లి చేరి ఏడాది దాటింది. పోయిన నెల నుంచి తన పక్కన ఒక ఫ్రెషర్‌ని వేశారు. చెక్‌లిస్ట్‌లో ఇప్పుడు సంతకాలు పెట్టేది మా చెల్లి. ఒరిజినల్స్ ఫైలు మాత్రం ఖమ్మంలో మా ఇంటి బీరువాలో, అమ్మ పట్టుచీరల కింద భద్రంగా ఉంది.