మనసు బాగుపడే దాకా ఆగనక్కర్లేదు

సికింద్రాబాద్ రైల్ నిలయంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారనుకుందాం. ఇల్లు మారేడుపల్లిలో. ఒకప్పుడు రోజూ మోండా మార్కెట్‌కి వెళ్లి బేరమాడి కూరగాయలు తెచ్చేవారు. ఇప్పుడు గుమ్మం దాటడం లేదు. అడిగితే, "మనసు బాగాలేదమ్మా, బాగయ్యాక వెళ్తాలే" అంటారు.

సబబుగానే వినిపిస్తుంది. కానీ డిప్రెషన్ బిగుసుకునేది ఇక్కడే. బయటికి వెళ్లకపోతే పలకరించేవాళ్లు ఉండరు, పొద్దుపోదు. మనసు ఇంకా కుంగుతుంది. కుంగినకొద్దీ లేవబుద్ధి కాదు.

కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే సీబీటీ, ఈ వరసను తిరగేస్తుంది. ముందు పని, ఉత్సాహం ఆ తర్వాత. "రేపటి నుంచి వాకింగ్" అనుకుంటే జరగదు. "రేపు ఏడింటికి చెప్పులేసుకుని వీధి చివరి టీ కొట్టు దాకా" అని రాసుకోవాలి. ఎంత బాగుంటుందనుకుంటున్నారో వెళ్లేముందు పదికి ఒక మార్కు, ఎలా ఉందో వచ్చాక ఇంకో మార్కు వేయాలి. మొదటిది తక్కువగా, రెండోది కాస్త ఎక్కువగా ఉండటం తరచూ కనిపిస్తుంది. రెండూ సున్నాలే అయితే తిట్టుకోకూడదు. పనిని ఇంకా చిన్నది చేయాలి: అరుగు మీద పది నిమిషాలు కూర్చోవడం చాలు. "ధైర్యంగా ఉండండి" అనే ఉచిత సలహా కంటే ఇదే నయం.

ఈ పద్ధతి మీద గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 495 మందితో ఒక అధ్యయనం జరిగింది. ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. వైద్యం చదవని స్థానికులే శిక్షణ పొంది, ఈ పద్ధతిని కొన్ని విడతలుగా నేర్పారు. మూడు నెలలకు అలా నేర్చుకున్నవాళ్లలో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి తేరుకున్నారు, మామూలు వైద్యం అందినవాళ్లలో 39 శాతమే.

సీబీటీలో రెండో పని ఆలోచనలను సోదా చేయడం. 1960లలో అమెరికా సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ వేసిన దారి ఇది. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్ ఎత్తలేదు. "నేనంటే వాడికి లెక్కలేదు" అని మనసు తీర్పు చెప్పేస్తుంది. దాన్ని కాగితం మీద పెట్టి, కింద సాక్ష్యాలు రాయాలి. అక్కడ అర్ధరాత్రి. ఆదివారం వాడే ఫోన్ చేశాడు. దీన్ని పాజిటివ్ థింకింగ్ అని అమ్మేవాళ్లున్నారు, నమ్మకండి. కొడుకు నిజంగానే పట్టించుకోవడం లేదని తేలితే అదీ రాయాల్సిందే. అప్పుడు ప్రశ్న మారుతుంది: దీనికి నేనేం చేయగలను?

ఇవన్నీ డిప్రెషన్ ఓ మోస్తరుగా ఉన్నప్పుడు సొంతంగా చేసుకోదగ్గవి. తిండి, నిద్ర కరువై రెండు వారాలు దాటితే డాక్టరును కలవాలి. థైరాయిడ్ లోపం కూడా ఇలాగే కనిపించవచ్చు. మందులు వాడుతున్నవాళ్లు ఇలా నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టామని వాటిని ఆపకూడదు. జంట నగరాల్లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల పేరును ఎగతాళికి వాడి వాడి, జనానికి మానసిక వైద్యమంటేనే జంకు పుట్టించాం. నిజానికి అక్కడ ఓపీలో చూపించుకుని, మందులు తీసుకుని అదే రోజు ఇంటికి వెళ్లేవాళ్లే ఎక్కువ.

చనిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం కాగితం, కలం పక్కన పెట్టి వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పాలి, 14416కు ఫోన్ చేయాలి. 2022లో మొదలైన ఈ టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. సికింద్రాబాద్‌లోనే రోష్ని అనే సంస్థ వాలంటీర్లు 1997 నుంచి ఇలాంటివాళ్ల మాట వింటున్నారు. పేరు చెప్పనక్కర్లేదు.