మందు ఎచ్చటికి పోవును?

మదనపల్లె మార్కెట్టునకు టమాటాలు మోసికొనిపోవు బండ్లను మన విద్యార్థులందరును ఎరుగుదురు. ఆ తోటలపై చల్లిన పురుగుమందు ఏమగునని అడిగినచో, వాన కడిగివేయునని తరగతిలో పెక్కురు చెప్పుదురు. కడిగిన మందు ఎచ్చటికి పోయినది? ఎంతకాల ముండును? చూడకయే లెక్కవేసి దీనిని చాలవరకు చెప్పవచ్చును.

మొదట కాలము. మందు సగమునకు తగ్గుటకు పట్టు కాలమును అర్ధాయువందురు. అది మూడు దినములనుకొందము. నేడు కాయపై 80 పాళ్లున్నచో మూడు దినములకు 40, ఆరింటికి 20, తొమ్మిదింటికి 10, పండ్రెండింటికి 5 పాళ్లగును. అందుచేతనే చల్లిన పిమ్మట కోతకు ఎన్నిదినము లాగవలెనో డబ్బాపై వ్రాయుదురు. ధర పెరిగిన నాడు తొందరపడి కోయు రైతును మేము నిందింపజాలము. పండిన టమాటా నిలువదు, అప్పువాడును నిలువడు. అయినను కాయపై పాళ్లు తగ్గియుండవు.

డి.డి.టి. సంగతి వేరు. నేలలో దాని అర్ధాయువు రెండేండ్లు మొదలు పదునైదేండ్ల వరకు ఉండును. మన దేశమున 1989వ సంవత్సరమున సేద్యమునందు దానిని నిషేధించిరి. అర్ధాయువు పదేండ్లయినచో, నాడు నేలలో నున్నదానిలో ముప్పదియేండ్లకును ఎనిమిదవ వంతు మిగులును.

ఇక స్థలము. అడుగున గొట్టముతో కలిపిన రెండు పాత్రలను తలచుకొనుడు. ఒకటి సన్నని గ్లాసు, రెండవది వెడల్పైన గంగాళము. నీరు పోసినచో రెంటను మట్టమొక్కటే యగును, కాని నీరెల్ల గంగాళములోనే యుండును. రసాయనమును గాలి, నీరు, మట్టి, క్రొవ్వులలో ఇట్లే పంచుకొనును. ఒక్కొక్క దానినుండి తప్పించుకొనిపోవు దాని స్వభావమే ఇచ్చట మట్టము. కెనడా శాస్త్రజ్ఞుడగు డొనాల్డ్ మాకే 1979వ సంవత్సరమున ఈ భావమును ఆధారముగా గొని లెక్కించు పద్ధతిని చూపెను. డి.డి.టి.కి నీరు గ్లాసు, క్రొవ్వు గంగాళము: నీటిలోకంటె నూనెవంటి ద్రవములో పదిలక్షల రెట్లకు మించి చేరును. కావున చెరువునీటిని మాత్రము పరీక్షించి ఏమియు లేదనుట చాలదు, చేపను చూడవలెను. పుంగనూరు ఆవు పాలలో వెన్న మెండని ప్రసిద్ధి గదా! మేతలో ఇట్టి మందున్నచో అది చేరునది ఆ వెన్నలోనే. మోనోక్రోటోఫాస్ దీనికి విరుద్ధము. అది నీటిలో కలిసిపోవును గనుక మట్టిని పట్టియుండక వానతో బావికి దిగగలదు; త్వరగా చెడునుగాని మిక్కిలి విషము. కూరగాయలపై దాని వాడుక మన దేశమున నిషిద్ధము.

అర్ధాయువే లేనివియు కలవు. కుప్పము సీమను దాటిన పాలారు తమిళదేశమున వాణియంబాడి, ఆంబూరులమీదుగా పోవును. అచ్చటి తోళ్ల పరిశ్రమలవలన నీరు, నేల చెడినందున 1996వ సంవత్సరము ఆగస్టు 28వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు చెప్పి, చెరచినవారే నష్టమును భరింపవలెననెను. తోళ్లు పదును చేయుటకు వాడు క్రోమియము మూలపదార్థము. అది సగమగుట యనునది లేదు. రూపము మార్చుకొనును, ఒకచోటినుండి మరియొకచోటికి పోవును, అంతే. దాని విషయమున లెక్కింపదగినది కాలము కాదు, త్రోవ మాత్రమే.