తెగులును తట్టు విత్తనము: ప్రయోగశాల పని, రైతు పని

సజ్జ వేయు రైతులకు వెఱ్ఱికంకి తెగులు క్రొత్తది కాదు. మొదట ఆకులు పాలిపోవును. ఉదయమున ఆకు అడుగున తెల్లని బూజు కానవచ్చును. తుదకు గింజ పట్టవలసిన కంకి ఆకుల కుచ్చుగా మాఱిపోవును. అప్పటికి దుక్కి, ఎరువు, కూలి అన్నియు వ్యయమై యుండును. ఏ మందు చల్లినను కంకి తిరిగి రాదు. విత్తనశుద్ధి కొంత తోడ్పడును గాని, తెగులును తట్టు శక్తి విత్తనములోనే యుండుట మేలు. అట్టి విత్తన మెట్లు పుట్టుచున్నదో సంఘసభ్యు లెఱుంగుట యావశ్యకము.

మన దేశమున 1965లో హెచ్.బి. 1 అను మొదటి సంకర సజ్జ విడుదలయ్యెను. దిగుబడి మిక్కిలి పెరిగెను. అయితే దానికిని, తరువాత వచ్చిన హెచ్.బి. 3కును తల్లి యొక్కటే: అమెరికా దేశపు జార్జియా రాష్ట్రమునుండి వచ్చిన టిఫ్ట్ 23ఏ. ఆ తల్లికి ఈ తెగులును తట్టు శక్తి లేదు. 1970 దశాబ్ది ఆరంభమున తెగులు చెలరేగినపుడు ఒక్క తల్లి లోపము లెక్కలేని చేలకు నష్టమై పరిణమించెను.

మంచి రకమును నిరోధశక్తి గల రకముతో సంకరపఱచి, పుట్టిన మొక్కలలో శక్తి గలవాని నేఱి, మరల మంచి రకముతోనే కలుపుట పూర్వమునుండి యున్న పద్ధతి. ఇట్లు ఐదాఱు తరములు సాగవలెను. ఇందలి చిక్కేమనగా, తెగులు రాని యేట ఏ మొక్క తట్టునో, ఏది లొంగునో కనుగొన వీలులేదు.

ఈ చిక్కును ప్రయోగశాల రెండు విధముల తీర్చినది. మొదటిది, తెగులుకై వేచియుండక దానిని మొలకపైకే తెచ్చుట. 1972లో హైదరాబాదు చెంత పటాన్‌చెరువున స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థలో కుండీలయందు సజ్జ మొలకలను పెంచి, తెగులు శిలీంధ్రపు బీజములను నీట కలిపి వానిపై చల్లి, తేమగల చల్లని గదిలో నుంచెదరు. రెండు వారములలో లొంగినవేవో, నిలిచినవేవో తేలిపోవును. రెండవది, డీఎన్‌ఏ గుర్తులను చదువుట. నిరోధశక్తి నిచ్చు జన్యువున కతి సమీపమున నుండి, దానితో కూడ తరమునుండి తరమునకు సాగు గుర్తు నొకదానిని ముందుగా కనుగొందురు. పిదప లేత ఆకుముక్కను పరీక్షించినచో, ఆ మొక్కకు శక్తి సంక్రమించినదో లేదో తెగులు సోకకుండగనే తెలియును. ఇందు పరజాతి జన్యువును చొప్పించుట లేదు. ఏఱుట మాత్రమే త్వరితమైనది.

హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయము 1990లో విడుదల చేసిన హెచ్.హెచ్.బి. 67 అను సజ్జ సుమారు 65 దినములలో కోతకు వచ్చును. వర్షము త్వరగా ముగియు హర్యానా, రాజస్థాన్ మెట్టభూములకు అది వరమైనది. కొన్నియేండ్లకు దానికిని వెఱ్ఱికంకి సోకజొచ్చెను. అపుడు తండ్రి వంశమును డీఎన్‌ఏ గుర్తుల సాయముతోను, తల్లి వంశమును పూర్వపద్ధతినే మరల మరల సంకరపఱచియు బాగుచేసిరి. అట్లు పుట్టిన క్రొత్త హెచ్.హెచ్.బి. 67 విత్తనము 2005లో విడుదలయ్యెను. పాత విద్య, క్రొత్త విద్య సమముగ శ్రమించి తెచ్చిన ఫలమిది.

పప్పుధాన్యములకును ఇట్టి కృషియే జరుగుచున్నది. కందిచేను పూత, కాయ దశలో హఠాత్తుగ ఎండిపోవుటయు, బెరడు తీసిచూచిన నల్లని చాఱలు కనబడుటయు రైతులకు పరిచితమే. దీనిని తట్టు రకములను కనుగొనుటకు, ఎండిన కందిమొక్కలను ముక్కలు చేసి మట్టిలో కలిపి, బుద్ధిపూర్వకముగ తెగులుమడిని తయారుచేసెదరు. నడుమ నడుమ తప్పక లొంగు రకమును విత్తెదరు. అది చచ్చినచోట చావక నిలిచిన సాలే గెలిచినది. 1993లో విడుదలైన ఆశ అను కంది ఎండు తెగులును, గొడ్డుమోతు తెగులును తట్టు రకము. కంది డీఎన్‌ఏ క్రమము నంతయు చదివి 2012లో ప్రకటించినపుడు ఆధారముగ గైకొన్నదియు ఈ ఆశ రకమునే. అయినను, ప్రయోగశాలలో నెగ్గిన రకమును పొలమున పరీక్షింపక విడుదల చేయరు.

సోదరులారా, ఇంతటితో రైతు పని తీరలేదు. మనము విత్తనమును మార్చినట్లే శిలీంధ్రమును తన స్వభావమును మార్చుకొనును. ఒకనాడు తట్టిన రకము మఱియొకనాడు లొంగవచ్చును. కావున ఊరంతయు ఒకే రకమును విత్తుట క్షేమము కాదు. సంఘము రెండు మూడు రకముల విత్తనమును తెప్పించి పంచవలెను. వెఱ్ఱికంకి పట్టిన మొక్కలను కనబడినవెంటనే పెఱికి కాల్చివేయవలెను; లేనిచో వాని బీజములు నేలలో నేండ్లతరబడి నిలుచును. సంకర సజ్జ గింజలను మరుసటి యేటికి విత్తనముగ వాడరాదు. కంది విత్తనమును దాచుకొనవచ్చును గాని, తేనెటీగలవలన పొరుగుచేని పుప్పొడి కలియును గనుక దూరముగ నున్న చేనిలో, ఒకే రకపు మొక్కలనుండి తీయవలెను. ఎండు తెగులు వచ్చిన నేలలో కొన్నియేండ్లు కందిని మాని జొన్న వేయుట మంచిది.

ప్రయోగశాల యొసగిన శక్తిని చెడకుండ కాపాడుట చేనిగట్టున నున్న మన వంతు.