తోకచుక్క దారి లెక్క

తోకచుక్క కనబడితే ఏమవుతుంది? మన ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. రాజుకి చేటు అంటారు. కరువు వస్తుందంటారు. కలరా వస్తుందంటారు. ధూమకేతువు అన్న పేరునే తిట్టుగా వాడతారు. ఆ రోజుల్లో ఆడపిల్ల పుడితే ఇంక చెప్పక్కర్లేదు. ఇంట్లో గేదె చచ్చినా, పంట పోయినా "తోకచుక్కనాడు పుట్టింది మరి" అని ఆ పిల్ల మీదకే తోస్తారు.

అసలు ఆ చుక్క ఎందుకు వస్తుంది? ఎక్కడ నుంచి వస్తుంది? మళ్ళీ ఎప్పుడు వస్తుంది? వీటికి లెక్క ఉంది. ఆ లెక్క ఎలా కడతారో చూద్దాం.

తోకచుక్క నిజానికి చుక్క కాదు. మంచు, దుమ్ము, రాళ్ళు కలిసిన పెద్ద ముద్ద. హేలీ అనే పేరున్న తోకచుక్క ముద్ద పొడవు సుమారు 15 కిలోమీటర్లు. సూర్యుడికి దూరంగా ఉన్నంతకాలం అది గడ్డకట్టి ఉంటుంది. మనకి కనబడదు. సూర్యుడి దగ్గరకి వచ్చేసరికి వేడికి మంచు ఆవిరవుతుంది. ఆవిరితో పాటు దుమ్ము లేస్తుంది. అదే తోక.

ఒక వింత చెప్తాను. తోక ఎప్పుడూ వెనకాలే ఉంటుందనుకుంటాం. అలా ఉండదు. గాలి ఎటు వీస్తే పైట కొంగు అటే ఎగురుతుంది కదా! తోక కూడా అంతే. సూర్యుడి వైపు నుంచి వచ్చే వెలుగు, గాలి లాంటి ప్రవాహం దాన్ని అవతలికి తోస్తాయి. అందుకని తోకచుక్క సూర్యుణ్ణి చుట్టి తిరిగి వెళ్ళిపోయేటప్పుడు తోక ముందు నడుస్తుంది, తల వెనక నడుస్తుంది.

ఇంకో మాట. రాత్రి పూట సర్రున గీత గీసినట్టు పోయేది తోకచుక్క కాదు. అది రాలే చుక్క. తోకచుక్క ఒక్క రాత్రిలో ఎటూ పోయినట్టు కనిపించదు. మిగతా చుక్కలతో పాటే పైకి వస్తుంది, వాటితో పాటే దిగిపోతుంది. మర్నాడు చూస్తే మాత్రం చోటు కొంచెం మారి ఉంటుంది. నిన్న పిల్లలకోడి పక్కన ఉన్నది ఈ రోజు రెండు వేళ్ళ దూరం జరిగి ఉండొచ్చు. ఆ జరగడాన్ని రాసుకోవడమే మొదటి పని.

రాసుకుంటే దారి ఎలా తెలుస్తుంది? అనకాపల్లి వెళ్ళే బస్సుని తలుచుకోండి. అచ్యుతాపురంలో ఒకసారి చూశారు. అంతే తెలిస్తే అది ఎటు పోతుందో చెప్పలేరు. మునగపాకలో మళ్ళీ చూశారు. ఇప్పుడు ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో తెలిసింది. ఇంకా ముందు మూడోచోట చూస్తే రోడ్డు ఎటు వంపు తిరిగిందో కూడా తెలుస్తుంది. తోకచుక్కకీ అలాగే. కనీసం మూడు రాత్రులు, మూడు చోట్లు, సరైన టైము కావాలి. ఎన్ని ఎక్కువ రాత్రులు రాస్తే లెక్క అంత గట్టిపడుతుంది.

తోకచుక్క తిరిగే దారిని కక్ష్య అంటారు. మన భూమి దారి చేతి గాజులా దాదాపు గుండ్రంగా ఉంటుంది. చాలా తోకచుక్కల దారి మాత్రం రెండు పక్కలా లాగిన రబ్బరు గాజులా పొడుగ్గా ఉంటుంది. సూర్యుడు దాని మధ్యలో ఉండడు, ఒక కొసకి దగ్గరగా ఉంటాడు. ఆ కొస దగ్గర తోకచుక్క పరుగెడుతుంది. హేలీ అక్కడ సెకనుకి 54 కిలోమీటర్లు పోతుంది. అంటే కన్నుమూసి తెరిచేలోగా మన ఊరి నుంచి విశాఖపట్నం దాటిపోతుంది! దూరంగా పోయాక నెమ్మదిస్తుంది.

ఈ లెక్క మొదట గట్టిగా పట్టింది ఇంగ్లండు దేశపు ఎడ్మండ్ హేలీ. 1531, 1607, 1682 లో వచ్చిన మూడు తోకచుక్కల గురించి పాత రాతలు తీసి పోల్చాడు. మూడింటి దారీ ఒకటే. అంటే మూడు కాదు, ఒక్కటే మళ్ళీ మళ్ళీ వస్తోంది. 1758 చివర మళ్ళీ వస్తుందని చెప్పాడు. 1742 లో చనిపోయాడు.

ఏ నెలలో వస్తుందో సరిగ్గా తేల్చాలంటే గురుడు, శని అనే పెద్ద గ్రహాలు దాన్ని ఎంత లాగుతాయో కూడా కట్టాలి. ఫ్రాన్సు దేశంలో ముగ్గురు ఆ పనికి కూర్చున్నారు. క్లేరో, లలాంద్ అనే ఇద్దరు పండితులు, నికోల్ రేన్ లెపోట్ అనే ఆవిడ. ఆవిడ భర్త గడియారాలు చేసేవాడు. అప్పట్లో లెక్కల యంత్రాలు లేవు. అంతా కాగితం మీదే. ఆరు నెలలు పొద్దుటి నుంచి రాత్రి దాకా, ఒక్కోసారి అన్నం దగ్గర కూడా లెక్కే. గ్రహాల లాగుడు వల్ల 618 రోజులు ఆలస్యం అవుతుందని తేలింది. 1759 ఏప్రిల్ మధ్యలో సూర్యుడి దగ్గరకి వస్తుంది, ఒక నెల అటూ ఇటూ కావచ్చు అన్నారు. అది మార్చి 13 న వచ్చింది! దానికి ముందే, 1758 డిసెంబరు 25 రాత్రి, జర్మనీలో పాలిచ్ అనే ఒక రైతు దాన్ని మొదట చూశాడు.

క్లేరో తర్వాత పుస్తకం వేశాడు. అందులో లెపోట్ పేరు లేదు. లలాంద్ మాత్రం, ఆవిడ లేకపోతే ఆ పనికి దిగే ధైర్యమే చేసేవాళ్ళం కాదని రాశాడు. అందుకే ఆవిడ పేరు మనకి తెలిసింది.

అదే హేలీ చుక్క 1910 లో వచ్చింది. ఆ మే నెల 6 న ఇంగ్లండు రాజు ఎడ్వర్డు చనిపోయాడు. "చూశారా, రాజుకి చేటు" అన్నారు జనం. కానీ ఆ చుక్క 75, 76 ఏళ్ళకోసారి వస్తుందని ఆ రాజు తాత పుట్టకముందే తెలుసు కదా! తోకలో విషవాయువు ఉంది, అందరూ చస్తారని ఇంకో భయం. కొన్ని దేశాల్లో దానికి మాత్రలు కూడా అమ్మారు. మే 19 ప్రాంతంలో భూమి తోక దగ్గరగా పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఏడే గురజాడ అప్పారావు గారు 'ముత్యాల సరములు' రాశారు. ఆయన మన ఎస్. రాయవరంలో పుట్టినవారే. ఊరంతా చేటని భయపడే చుక్కని ఆయన అందులో సంఘం మారబోతోందన్న జెండాగా చూశారు.

హేలీ 1986 లో వచ్చి వెళ్ళింది. మళ్ళీ 2061 జులైలో సూర్యుడి దగ్గరకి వస్తుంది. 2020 లో పుట్టిన పిల్లకి అప్పటికి 41 ఏళ్ళు.

మనవాళ్ళు చేసిన పనీ ఉంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840 లోనే సొంత ఖర్చుతో నక్షత్రశాల పెట్టారు. హైదరాబాదులో పెరిగిన వేణు బాపు అమెరికాలో చదువుకుంటూ 1949 జులైలో ఒక కొత్త తోకచుక్కని పట్టుకున్నారు. దానికి ఆయన పేరు, మరో ఇద్దరి పేర్లు కలిపి పెట్టారు. అది తిరిగి రావడానికి సుమారు 60 వేల ఏళ్ళు పడుతుందట.

ఇక వెలుగు సంగతి. దారిని లెక్క కట్టొచ్చు గానీ వెలుగుని అంత ఖాయంగా చెప్పలేం. పచ్చి కట్టె పొయ్యిలో పెడితే ఎంత పొగ వస్తుందో ముందే చెప్పగలమా? ఇదీ అంతే. 1973 లో కొహౌటెక్ అనే తోకచుక్క గొప్పగా వెలుగుతుందని పేపర్లన్నీ రాశాయి. తీరా చూస్తే మందంగానే ఉంది. 2024 అక్టోబరులో సాయంత్రం పడమట కనబడిన తోకచుక్క ఎప్పుడు వస్తుందో దాదాపు ఏడాదిన్నర ముందే తెలుసు. ఎంత వెలుగుతుందో మాత్రం చివరిదాకా వాదనే.

వెలుగు కొలవడానికి యంత్రం లేకపోయినా ఫరవాలేదు. పక్క చుక్కలతో పోల్చాలి. ఈ చుక్క కంటే మందం, ఆ చుక్క కంటే కాంతి ఎక్కువ అని రాసుకోవాలి.

ఈసారి తోకచుక్క వస్తోందని రేడియోలో విన్నా, పేపర్లో చదివినా ఒక నోటుబుక్కు తీయండి. ఫ్యాక్టరీ లైట్లు, వీధి లైట్లు తగలని చోటికి వెళ్ళండి. పూడిమడక ఒడ్డు లాంటి చోటైతే బాగుంటుంది, కానీ ఒంటరిగా వద్దు, నలుగురూ కలిసి వెళ్ళండి. తేదీ, టైము, దిక్కు రాయండి. చెయ్యి చాపి పిడికిలి పట్టి, దగ్గరి చుక్కకి ఎన్ని పిడికిళ్ళ దూరమో, ఎన్ని వేళ్ళ దూరమో రాయండి. ఏ చుక్కంత వెలుగు ఉందో రాయండి. తోక ఎటు ఉందో గీత గీయండి. మర్నాడు మళ్ళీ అదే టైముకి చూడండి. మబ్బు పట్టిందనుకోండి, ఆ రోజు ఎదురుగా "మబ్బు" అని రాయండి. ఖాళీ వదిలేస్తే చూడలేదో, చూసినా కనబడలేదో తర్వాత మీకే గుర్తుండదు.