డాక్టరమ్మకే జబ్బు చేస్తే...!

కొరియా సీరియళ్లంటే ఇప్పుడు హైదరాబాద్ హాస్టళ్లలో ఉండే పిల్లల సరదా మాత్రమే కాదండోయ్! నల్లగొండ, నకిరేకల్ దాటి మా కట్టంగూర్ దాకా ఎప్పుడో వచ్చేశాయి. వంటయ్యాక సెల్‌ఫోన్‌ను పప్పుల డబ్బాకు ఆనించి పెట్టుకుని, కింద అక్షరాలు చదువుకుంటూ, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకునే ఇల్లాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు. పేర్లు నోరు తిరగవు. అయినా ఎవరెవరో బాగానే గుర్తుపడతారు... "ఆ బుగ్గల పిల్లగాడు", "ఆ తెల్లకోటు పొడుగాయన" అంటూ!

ఎందుకంత ఇష్టమంటే, మొదటి సంగతి అవి అయిపోతాయి. పదహారు భాగాలు, అంతే. మన సీరియల్‌లో కోడలు మెట్ల మీంచి జారిందంటే నేలకు తగలడానికే మూడు రోజులు పడుతుంది. రెండోది, అందులో మగవాళ్లు ఆడవాళ్ల మాట వింటారు. వర్షమొస్తే గొడుగు పడతారు, జ్వరమొస్తే జావ కాస్తారు. మన ఇళ్లలో అంత తేలిగ్గా కనబడని దృశ్యాలు కదా మరి!

ఆ ఆశతోనే 'డాక్టర్ స్లంప్' పెట్టుకున్నాం. 2024 జనవరి 27 నుంచి మార్చి 17 దాకా కొరియాలో జేటీబీసీ చానల్లో శని, ఆదివారాలు వచ్చింది. నెట్‌ఫ్లిక్స్ పుణ్యమా అని మనకూ అందింది. పార్క్ షిన్ హే, పార్క్ హ్యుంగ్ సిక్ జంట. 2013లో 'ది హెయిర్స్'లో ఇద్దరూ కలిసి నటించినవాళ్లే. పైగా షిన్ హే పెళ్లయి, తల్లయ్యాక మళ్లీ చేసిన సీరియల్. ఆసుపత్రి, ప్రేమ, హాస్యం... ఇంకేం కావాలి?

కథ చెబుతాను. నామ్ హనుల్, యో జంగ్ వూ స్కూల్లో ఫస్టు ర్యాంకు కోసం కొట్టుకున్నవాళ్లు. ఇద్దరూ డాక్టర్లయ్యారు. అతను పేరు మోసిన ప్లాస్టిక్ సర్జన్. ఆమె పెద్ద ఆసుపత్రిలో మత్తు డాక్టర్. ఆపరేషన్ బల్ల మీద ఒక పేషెంటు ప్రాణం పోయి అతని మీద కేసు పడుతుంది, ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. ఆమె పై ప్రొఫెసర్‌తో మాటలు పడీ పడీ, నిద్ర లేక, తిండి లేక ఒకరోజు కూలబడుతుంది. డిప్రెషన్, పనిభారంతో మనసు కాలిపోయింది అని మానసిక వైద్యులు చెబుతారు. ఉద్యోగం వదిలేస్తుంది. అన్నీ పోగొట్టుకున్న అతను అద్దెకు దిగేది ఎక్కడనుకున్నారు? వీళ్ల ఇంటి డాబా మీది గదిలో!

మొదటి నాలుగు భాగాలు చూస్తుంటే కడుపులో దేవినట్టయింది. ముఖ్యంగా తల్లికి కూతురి జబ్బు సంగతి తెలిసే ఘట్టం. ఇంత చదివించాను, ఇంత పెద్దదాన్ని చేశాను, నీకేం తక్కువైందని ఈ జబ్బు అన్నట్టు ఆవిడ మండిపడుతుంది. ఆ అమ్మ వేషం వేసిన జాంగ్ హే జిన్ 2019లో వచ్చిన 'పారసైట్' సినిమాలో తల్లి. ఎంత బాగా చేసిందో! కోపం లోపల భయం, భయం లోపల నలుగురిలో పరువు... అన్నీ ఒక్క ముఖంలోనే. మా అత్తగారు నా పక్కనే కూర్చుని చూస్తున్నారు. ఆవిడకు కొరియా రాదు, ఆ అక్షరాలూ కనబడవు. అయినా "నిజమే గదనే, గా పిల్లకేం తక్కువైందని ఏడుస్తున్నది?" అన్నారు. భాష తెలియకుండానే ఆ తల్లి మాటే ఈవిడ నోట వచ్చింది!

మన దగ్గర ఆ మాట ఎన్ని ఇళ్లలో వినబడదు? ఎకరం, అరెకరం అమ్మి చదివించిన ఇళ్లు ఈ నల్లగొండ జిల్లాలో ఎన్ని లేవు! అలాంటి ఇంటి నుంచి మెడిసిన్‌లో చేరిన అమ్మాయి ఫోన్ చేసి "అమ్మా, నాకు చేతనైతలేదు" అంటే తల్లి ఏమంటుంది? "ఇంకా రెండేండ్లే బిడ్డా, ఓర్చుకో" అంటుంది. తల్లిది రాతిగుండె కాదు, ఆవిడకు తెలిసిన మందు అదొక్కటే. ఈ సీరియల్ ఆ ముడి విప్పుతుందేమోనని కళ్లార్పకుండా చూశాను.

విప్పలేదు. ప్రేమ పుట్టగానే ముడిని అటక మీద పడేశారు.

సగం దాటేసరికి హీరో మీది కేసు తేలిపోతుంది, కుట్ర చేసినవాడెవరో బయటపడుతుంది. ఇక అక్కణ్ణించి కథకు పనిలేదు. ఇద్దరూ ఐస్‌క్రీములు తింటారు, తాగి పాటలు పాడతారు, అలుగుతారు, కలుస్తారు. మధ్యలో ఒకసారి విడిపోవాలి కాబట్టి విడిపోతారు. హనుల్ వేసుకునే మందులు, డాక్టర్ దగ్గరికి వెళ్లే ప్రయాణం అడపాదడపా కనబడతాయి, కాదనను. కానీ చూసేవాళ్లకు చివరికి మిగిలేది ఒక్కటే... మంచి కుర్రాడు పై గదిలో దిగితే ఏ జబ్బయినా తగ్గుతుందని! ఇదేం వైద్యమండీ?

మా పక్కింటి అమ్మాయి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పండక్కి వచ్చి నాతో రెండు భాగాలు చూసింది. "ఏందక్కా, గా డాక్టరమ్మ ఒక్క నైట్ డ్యూటీ గూడ చేస్తలేదు! అసలు పేషెంట్లేరి?" అని నవ్వింది. తర్వాత కాసేపు ఊరుకుని, "మాకు ఏడుపొస్తే స్టోర్ రూంల ఏడ్చి, మొఖం కడుక్కొని వస్తం. గది చూపియ్యలే" అంది. పదహారు భాగాలు రాసినవాళ్లకు తట్టని సీను ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది.

అసలు హీరోయిన్‌ను మత్తు డాక్టర్ని చేసి, ఆ పని గురించి చెప్పింది ఎంత తక్కువో! మనలో చాలామందికి మత్తు డాక్టరంటే సూదేసి వెళ్లిపోయే మనిషి. కాదు. ఆపరేషన్ జరిగినంతసేపూ పేషెంటు ఊపిరి, గుండె, రక్తపోటు ఆమె చేతిలో ఉంటాయి. కత్తి పట్టినవాళ్లు గాయం చూసుకుంటారు, మనిషిని చూసుకునేది ఆమె. కళ్లు తెరిచిన పేషెంటు మాత్రం సర్జన్‌కే దండం పెడతాడు. ఇంట్లో ఇల్లాలి పని లాంటిదే లెండి. అన్నీ సరిగ్గా జరిగితే ఎవరికీ గుర్తురాదు!

ఈ పనికీ మన హైదరాబాద్‌కూ పాత చుట్టరికం ఉంది. నిజాం కాలంలో, 1880ల చివర్లో, ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు క్లోరోఫాం మీద హైదరాబాద్‌లో జరిపించిన పరిశోధనలు ప్రపంచమంతా చెప్పుకున్నవి. ఆయన దగ్గర చదువుకుని, క్లోరోఫాం ఇవ్వడంలో చెయ్యి తిరిగిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెబుతారు. ఆడపిల్ల గడప దాటడమే గగనమైన రోజుల్లో ఆపరేషన్ గదిలో నిలబడిందావిడ. ఎవరైనా తెలుగులో ఆ కథ తీస్తే ఎంత బాగుండు! మనకు డాక్టర్ కథలు కొత్త కాదు కదా. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' నవలే 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది.

సరదా సీరియల్‌కు ఇంత చర్చ ఎందుకంటారేమో. ఎందుకంటే బయట జరుగుతున్నది సరదాగా లేదు కనుక. ఈ సీరియల్ వస్తున్న రోజుల్లోనే, 2024 ఫిబ్రవరిలో, కొరియాలో వేలాది జూనియర్ డాక్టర్లు రాజీనామాలు ఇచ్చి ఆసుపత్రుల నుంచి బయటికొచ్చారు. ప్రభుత్వం మెడికల్ సీట్లు రెండువేలు పెంచుతామన్నందుకు మొదలైన గొడవ అది. సీట్లు పెంచితే తప్పేమిటని నాకూ అనిపించింది. కానీ ఆ గొడవతో వాళ్ల డ్యూటీల సంగతీ చర్చకొచ్చింది. అక్కడ చట్ట ప్రకారమే జూనియర్ డాక్టరు వారానికి ఎనభై గంటలు పనిచెయ్యొచ్చు! ఆ వేడిలో ప్రసూతి విభాగం జూనియర్ డాక్టర్ల మీద తీసిన ఇంకో సీరియల్, 'రెసిడెంట్ ప్లేబుక్', ఏడాది ఆగి 2025 ఏప్రిల్‌లో గానీ రాలేదు.

ఇక మన దగ్గర... 1992లోనే కేంద్ర ప్రభుత్వం రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ మామూలుగా ఒక్క బిగిన పన్నెండు గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు దాటకూడదని రాసింది. రాసిన కాగితం ఎక్కడుందో! 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ చదువుతున్న అమ్మాయి మరణించింది. సీనియర్ వేధింపులని ఆరోపణలొచ్చి కేసయింది. ఆ అమ్మాయి చదువుతున్నదీ మత్తు విభాగమే. 2024 ఆగస్టులో కలకత్తాలో, సుదీర్ఘమైన డ్యూటీ మధ్య కాసేపు నడుం వాల్చిన యువ డాక్టర్‌కు ఏం జరిగిందో దేశమంతా చూసింది. ఇవి తెలిసినవాళ్లకు హనుల్ మొదటి భాగంలో కూలబడటం కథలా కనబడదు. ఆ తర్వాత పన్నెండు భాగాల ఐస్‌క్రీములు మాత్రం కథలాగే, అదీ చప్పటి కథలాగే కనబడతాయి.

ప్రేమకథలంటే నాకు పడదనుకునేరు! యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' చేతులు మారీ మారీ అట్ట ఊడిపోయిన ప్రతిని చదివినదాన్నే. రాజశేఖరం కారు, కోటు ఎంత గుర్తో, జయంతి ఆత్మాభిమానం అంతకన్నా గుర్తు. ఆ నవలలో ప్రేమ వచ్చి ఆమె అభిమానాన్ని తుడిచెయ్యదు, దానితోనే తలపడుతుంది. అందుకే అన్ని పేజీలు నడిచింది. ఇక్కడ హనుల్‌కు ప్రేమతో తలపడే పనే లేకుండా చేశారు.

బాగున్నవీ లేకపోలేదు. హనుల్ స్నేహితురాలు, హీరో స్నేహితుడు... ఇద్దరూ పిల్లలున్న ఒంటరి తల్లి, ఒంటరి తండ్రి. వాళ్ల మధ్య మొహమాటపు ప్రేమ అసలు జంట కన్నా ముద్దుగా ఉంది. మేనమామ నూడుల్స్ కొట్టు, అక్కాతమ్ముళ్ల కీచులాట కూడా మన ఇళ్లలాగే ఉంటాయి. హనుల్ అంటే ఆకాశం, తమ్ముడి పేరు బాదా అంటే సముద్రమట! పేర్లు పెట్టడంలో ఉన్న శ్రద్ధ కథలో ఉంటేనా...

ఆసుపత్రి సీరియలే చూడాలనుకుంటే 2020, 2021ల్లో రెండు విడతలుగా వచ్చిన 'హాస్పిటల్ ప్లేలిస్ట్' చూడండి. ఐదుగురు స్నేహితులు, అందరూ డాక్టర్లు, పేషెంట్లు కూడా నిజంగా ఉంటారు! ఇల్లాళ్లకైతే నేను ముందు 2023 నాటి 'డాక్టర్ చా' చెబుతాను. మెడిసిన్ చదివి కూడా ఇరవయ్యేళ్లు వంటింట్లోనే ఉండిపోయిన నలభై ఆరేళ్ల అమ్మ, భర్త పనిచేసే ఆసుపత్రిలోనే మళ్లీ జూనియర్ డాక్టర్‌గా చేరుతుంది. ఆమెకు కాలేయం పాడై, భర్తది సరిపోతుందని తేలినప్పుడు ఇవ్వనివ్వని అత్తగారిని చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. అది కూడా పదహారు భాగాలే.

హనుల్ తల్లి ఘట్టం చూసి మీ ఇంట్లో ఎవరైనా గుర్తొస్తే, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన టెలిమానస్ ఉంది. నంబరు 14416. డబ్బులు కట్టక్కర్లేదు. తెలుగులోనూ మాట్లాడతారు.