తాడు కట్టి కారు లాగేటప్పుడు

మన తడ చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. శ్రీసిటీకి పోయే కార్లు, ఉబ్బలమడుగు జలపాతం చూడవచ్చే కార్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. ఏదో ఒకటి దారిలో ఆగిపోవడం మామూలే. అప్పుడు మరో బండికి తాడు కట్టి మెకానిక్ షెడ్డు దాకా లాగుతారు. ఆగిన కారులో స్టీరింగ్ పట్టుకోమని పక్కనున్న కుర్రవాణ్ణి ఎక్కిస్తారు. ఇంజనే ఆడనప్పుడు ఎవరు కూర్చుంటే ఏమిటని అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఇంజను ఆగితే ఏమవుతుంది?

బ్రేకు తేలికగా పడడానికి ఇంజను నడుస్తున్నప్పుడు ఏర్పడే శూన్యం సాయపడుతుంది. ఇంజను ఆగాక ఒకటి రెండుసార్లు తొక్కేసరికి ఆ సాయం అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. బ్రేకు పడుతుంది గాని బలమంతా పెట్టి తొక్కాలి. పవర్ స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. తాళంచెవి తీసేస్తే స్టీరింగ్ లాక్ పడి కారు మలుపు తిరగదు. కనుక తాళంచెవి 'ఆన్'లోనే ఉంచాలి.

అందుకే వెనుక కారులో లైసెన్సు ఉన్నవారే కూర్చోవాలని 1989 నాటి రోడ్డు నియమాలు చెప్పాయి. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదన్నాయి. 2017లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చినా, ఆ జాగ్రత్తలు నేటికీ గుర్తుంచుకోదగినవే.

గేరు సంగతి

మాన్యువల్ గేరు కారును న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి లాగాలి. గేరులో ఉంటే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. క్లచ్ తొక్కిపట్టి పోవచ్చని కొందరంటారు. కాలు జారితే కారు ఒక్కసారిగా కుదుపుకు లోనవుతుంది.

న్యూట్రల్‌లో ఉన్నా గేరు బాక్సులో కొంత భాగం చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంటుంది. అంబాసిడర్, జీపు వంటి వెనుక చక్రాలతో నడిచే చాలా బండ్లలో ఆయిల్‌ను పైకి చిమ్మే పళ్ళచక్రాలు ఇంజనుతోనే తిరుగుతాయి. ఇంజను ఆగితే అవీ ఆగుతాయి. పైన తిరిగే భాగానికి ఆయిల్ అందక అరిగిపోతుంది. కనుక దగ్గరి షెడ్డు వరకే లాగాలి. దూరమైతే బండిని లారీ మీద ఎక్కించాలి. ఆటోమేటిక్ గేరు కారులో ఆయిల్ పంపు కూడా ఇంజనుతోనే ఆడుతుంది. నడిపే చక్రాలు నేల మీద ఉండగా దాన్ని లాగనేకూడదు.

కట్టే పద్ధతి

* తాడును కారుకు ఇచ్చిన హుక్కుకే కట్టాలి, బంపరుకు కాదు.
* తాడు మధ్యలో ఎర్రగుడ్డ కట్టాలి. హజార్డ్ లైట్లు వెయ్యాలి.
* ముందు బండి మొదటి గేరులో మెల్లగా కదిలి తాడు బిగిశాకే లాగాలి. కుదిపితే తాడు తెగి కొరడాలా కొడుతుంది. రెండు బండ్ల మధ్య ఎవరూ నిలబడరాదు.
* వెనుకవారు మెల్లగా బ్రేకు వేస్తూ తాడు వదులు కాకుండా చూడాలి.
* ఆగడానికి, కదలడానికి హారన్ సైగలు ముందే మాట్లాడుకోవాలి.

బ్రేకుగాని స్టీరింగ్‌గాని చెడిపోయిన కారును తాడుతో లాగరాదు. హైవే మీద, అందులోనూ రాత్రిపూట, 1033కు ఫోన్ చేసి క్రేను అడగడమే మేలు.

ఆపదలో ఉన్నవారికి సాయపడటం మన హాస్టల్ నేర్పిన గుణం. కాని లైసెన్సు లేని తమ్ముళ్ళను ఎవరైనా స్టీరింగ్ పట్టుకోమంటే, "నాకు రాదన్నా, క్రేను పిలవండి" అనడానికి సిగ్గుపడనక్కరలేదు. అది కూడా సాయమే.